ఇయాల్టికి మాస్టారు

మా మనవరాలు బ్యాంకు పరీక్షకి కూర్చుంటోంది. లావుపాటి ప్రశ్నల పుస్తకం ఒకటి కొనుక్కుని, అందులో ఉన్నవన్నీ ముందు నామీద ప్రయోగించి చూస్తోంది. ముసలాడు ఎక్కడ తడబడతాడా అని దాని సరదా. మొన్న సాయంత్రం నేను అప్పడం కొరుకుతూ ఉంటే, "తాతా, గ్రహాలెన్ని?" అంది.

"తొమ్మిది," అన్నాను. అక్కడితో ఊరుకోవచ్చు కదా. నోట్లో అప్పడం ఉండగానే, "ఇయాల్టికి," అన్నాను.

"ఇయాల్టికేమిటి? రేపు పదవుతాయా?"

"ఏమో. ఎనిమిదీ అవొచ్చు."

అది నవ్వి పేజీ తిప్పేసింది. నేను మాత్రం ఆ పేజీ దగ్గరే ఆగిపోయాను. ఎందుకంటే ఆ మాట నాది కాదు. ఒక మనిషి నోట్లోంచి ఊడిపడి, నా నోట్లో చిక్కుకుని, ఇన్నేళ్లూ అరక్కుండా ఉండిపోయింది.

ఆయన పేరు చెప్పను. చెప్పినా ఇప్పుడు బరంపురంలో గుర్తుపట్టేవాళ్లు లేరు. గుర్తుపట్టగలిగినవాళ్లు గుర్తుపట్టనట్టు నటించడం అప్పట్లోనే నేర్చేసుకున్నారు. గంజాం జిల్లా మద్రాసు రాజధాని, అంటే మద్రాసు ప్రెసిడెన్సీ, కింద ఉన్న రోజుల్లో ఊరంతా ఆయన్ని "ఇయాల్టికి మాస్టారు" అనేది.

ఆరున్నర అడుగుల మనిషి. భూగోళాన్ని చూపుడువేలి మీద నిలబెట్టి బొంగరంలా తిప్పుకుంటూ బజారు ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచేవారు. ఎద్దుబళ్లు ఆగిపోయేవి.

అబద్ధం. ఆయన నా అంత ఎత్తే, నేనేమీ ఎత్తరిని కాను. గ్లోబుకి స్టాండు ఎప్పుడో విరిగిపోయింది. అందుకని దాన్ని గుమ్మడికాయలా చంకన పెట్టుకుని తిరిగేవారు. చంక ఒరుసుకుని ఒరుసుకుని దక్షిణ అమెరికా సగం చెరిగిపోయింది. బ్రెజిల్ ఎక్కడండీ అంటే, "ఇక్కడే ఉండీది. సెమటకి పోనాది," అనేవారు. ఎద్దుబళ్లు ఆగిన మాట మాత్రం నిజం. అడ్డంగా నడిస్తే ఆగవా మరి.

ఆయన్ని చూస్తే జనం పక్క సందులోకి తిరిగేవారు. ఎదురుపడితే ప్రశ్న తప్పదు. పెళ్లి బంతిలో ఆయన పక్క విస్తరి ఖాళీగానే ఉండేది. కొత్తగా వచ్చిన చుట్టం ఎవరైనా తెలియక కూర్చుంటే, పప్పులో నెయ్యి పడేలోగా ప్రశ్న పడేది. "సెప్పు బావూ, నెయ్యి పేరుకుంటాది, నూనె పేరుకోదు, ఎందుకూ?" ఆ చుట్టం బిక్కమొహం వేసేవాడు. మాస్టారు వివరం చెప్పడం మొదలుపెట్టేవారు. వివరం పూర్తయ్యేసరికి నెయ్యి నిజంగానే పేరుకునేది.

శ్మశానంలో కూడా ఊరుకునేవారు కాదు. ఒకసారి మా వీధిలో పెద్దాయన పోతే వెళ్లాం. చితి అంటుకుంది. ఎవరో నిట్టూర్చి, పుణ్యాత్ముడు, సూర్యమండలానికి వెళ్లిపోయాడు అన్నారు. మాస్టారు మెల్లగా, "తొమ్మిది కోట్ల ముప్ఫై లచ్చల మైళ్లు. ఇయాల్టికి," అన్నారు. తలకొరివి పెట్టిన కొడుకు తలెత్తి చూసిన చూపు నాకింకా గుర్తుంది. ఆయన మంచివారని చెప్పడానికి నేనిది రాయడం లేదు. మనుషుల మధ్య ఎలా మసలాలో ఆయనకి తెలియదు. లోకంలో ఉన్నదంతా తెలిసి, ఎదుట ఉన్నవాడి మొహం ఒక్కటే తెలియనివారు.

బరంపురంలో మాకో తెలుగు పఠనమందిరం ఉండేది. రెండు బీరువాల పుస్తకాలు, ఒక పొడుగాటి బల్ల, మద్రాసు నుంచి మెయిలు బండిలో వచ్చే దినపత్రిక. దాని వసారాలో సర్కారు గుమాస్తా పరీక్షలకి వెళ్లేవాళ్లకి ఆయన లోకజ్ఞానం పాఠం చెప్పేవారు. మీసాలు వచ్చినవాళ్లం, పెళ్లిళ్లయినవాళ్లం కింద చాప మీద కూర్చునేవాళ్లం. మందిరం వెనక ఒక గది, దానికి ఆనుకుని ఒక వంటపాక. అందులో ఆయనా, భర్త పోయిన ఆయన అక్కగారూ ఉండేవారు. అద్దె లేదు, పాఠం చెప్పినన్నాళ్లు ఉండొచ్చు. ఆ అక్కాతమ్ములకి లోకంలో ఉన్న చోటు అదొక్కటే.

ఆయన పాఠంలో ఒక కట్టుబాటు ఉండేది. ఏ జవాబు చెప్పినా చివర "ఇయాల్టికి" అనాలి. అనకపోతే జవాబు తప్పు కింద లెక్క. ప్రపంచంలోకెల్లా ఎత్తయిన శిఖరం? ఎవరెస్టు, ఇయాల్టికి. దాన్ని ఎక్కినవాడు? లేడు, ఇయాల్టికి. హాకీలో జగజ్జేత? హిందూదేశం, ఇయాల్టికి. ఆ మాట మరిచినవాడు గ్లోబు నెత్తిన పెట్టుకుని, తరువాతివాడు మరిచేదాకా నిలబడాలి. పెళ్లానికి గాజులు కొనిపెట్టే వయసువాళ్లు నెత్తిన భూమండలంతో నిలబడితే, వీధిన పోయే అప్పడాలమ్మి కూడా ఆగి నవ్విపోయేది. మాలో చాలామందికి ఆయనంటే కడుపుమంట. నాకూ ఉండేది.

ఒకరోజు ఒకడు ఎదురు తిరిగాడు. మహేంద్రగిరి ఎక్కడికి పోతుందండీ, దానికి కూడా ఇయాల్టికేనా అన్నాడు. మాస్టారికి కోపం రాలేదు. గ్లోబు దించి ఒళ్లో పెట్టుకుని, ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెప్పారు.

ఆయనది సముద్రపొడ్డున రామయ్యపట్నం. తండ్రి చేపల వర్తకం చేసేవాడు. ఆ వాడలో మెట్రిక్ దాకా చదివిన మొదటివాడు ఈయన. ఛత్రపురంలో కలెక్టరు కచేరీ గుమాస్తా పరీక్షకి వెళ్లారు. హిందూదేశానికి రాజధాని ఏది అని అడిగారు.

"కలకత్తా అని రాసినాను. దస్తూరీ కూడా బాగుంది. అప్పటికే రాజుగారు ఢిల్లీలో నిలబడీసి, ఇకమీదట రాజధాని ఇదే అనీసి ఎల్లిపోయినారంట. మా పేటకి ఆ సంగతి సెప్పినోడు లేడు. నా పుస్తకంలో కలకత్తాయే. మా అయ్య అనీవాడు, ఏ పూట పట్టిన సేపో అడక్కుండా కొనకూడదురా అని. నాను పుస్తకాన్ని ఆ మాట అడగలేదు." గ్లోబు మీద వేలు జరిపి, "మా సిన్నప్పుడు బళ్లో గౌరీశంకరమే అన్నింటికన్నా ఎత్తని వల్లెయించినారు. తరవాత కాదన్నారు. కొండలు కదల్లేదు బావూ. మనమే కదిలినాం," అన్నారు.

ఆ రోజునుంచీ మేం ఆ మాట మరచిపోకుండా అన్నాం. భక్తితో అని చెబితే బాగుంటుంది గానీ, గ్లోబు బరువుకి భయపడే.

ఆయన చెప్పే ఇయాల కూడా అసలు ఇయాల కాదు. పత్రిక మద్రాసులో అచ్చయి, రైలెక్కి, మా ఊరు చేరేసరికి ఒక రోజు పాతబడేది. ఆ సంగతి ఆయనకి తెలుసు. మద్రాసోళ్ల నిన్న మనకి ఇయాల అని ఆయనే అనేవారు. మెయిలు వచ్చే వేళకి స్టేషన్లోనే ఉండేవారు. కట్ట విప్పకముందే పైకాగితం చదివేసేవారు.

తొమ్మిదో గ్రహాన్ని కనిపెట్టారన్న వార్త అలాగే వచ్చింది. మాస్టారు స్టేషను నుంచి పరుగెత్తుకు వచ్చి, మా అందరికీ మరమరాలూ బెల్లమూ పంచారు. గ్రహం పుట్టిందని పండగ. వంటపాకలోంచి అక్కగారి గొంతు వినిపించింది.

"పుట్టితే పుట్టినాది. పురుడు ఎవులు పోసినారు? రేపు పొద్దుటికి మరమరాలు లేవు. సద్దికి ఏటి తింటావు, ఆ గ్రహాన్నా?"

ఆవిడ అలాంటిది. ఆయన కన్నా బాగా పెద్దది. ఆయన "అప్పా" అని పిలిచేవారు. ఆవిడ మాత్రం పిలవకుండానే మాట్లాడేది. అక్షరం ముక్క రాదు. తమ్ముడి ప్రశ్నల్ని ఎదుర్కోగలిగింది బరంపురం మొత్తానికి ఆవిడొక్కతే. ఎందుకంటే జవాబు చెప్పేది కాదు.

ఇక ఆ రోజుల సంగతి. ఒరిస్సా అని వేరే రాష్ట్రం కడతారని, గంజాం అందులోకి పోతుందని పుకారు లేచింది. అంతకుముందు మేం కూరలు ఒరియాలో బేరమాడి, ఇంటికొచ్చి తెలుగులో వండుకునేవాళ్లం. ఎవడిది ఏ భాష అన్న ప్రశ్న మాస్టారికి కూడా తట్టలేదంటే మీరే అర్థం చేసుకోండి. ఇప్పుడు ప్రతి వీధికీ తగువే. ఇది తెలుగు వీధని మావాళ్లు, ఒరియా వీధని వాళ్లు. అరవై ఏళ్లు పక్కపక్క ఇళ్లలో కాపురమున్నవాళ్లు ఒకరి పెరటి నూతిలో ఒకరు నీళ్లు తోడుకోవడం మానేశారు. సరిహద్దులు తేల్చే కమిటీ ఊళ్లోకి వస్తోందని తెలిసి పెద్దలకి నిద్రలేదు. ఇరుపక్షాలా పెద్దలకే. మిగతావాళ్లకి వేరే పనులుండేవి.

మా పఠనమందిరం కార్యదర్శి ఒక ప్లీడరుగారు. మంచి మాటకారి. కమిటీవారు చూసేలా సభ పెట్టి, తెలుగువాళ్ల విద్య ఎంత వృద్ధిలో ఉందో చూపించాలని ఆయన ఆలోచన. కార్యక్రమం లోకజ్ఞాన పోటీ. ప్రశ్నలడిగేది, ఒప్పు తప్పు చెప్పేది మాస్టారు. ఆఖరి ప్రశ్నకి మాత్రం పోటీ ఉండదు. "మన బరంపురం ఏ రాజధానిలో ఉంది?" అని అడగాలి. సభ మొత్తం లేచి "మద్రాసు" అనాలి. మాస్టారు "ఒప్పు" అనాలి. దాంతో సభ ముగుస్తుంది.

ఆ సంగతి చెప్పడానికి ప్లీడరుగారు వసారాలోకే వచ్చారు. మేమంతా అక్కడే ఉన్నాం.

"ఒప్పు అన్నాక నోరు మూసెయ్యండి మాస్టారూ. ఆ తోక తగిలించకండి."

"అది తోక కాదండి. తలకాయండి."

"ఏదైతేనేం, ఆ ఒక్క పూటకి కోసెయ్యండి. కమిటీ ముందు మనవాడే 'ఇయాల్టికి' అంటే, రేపు మనం పోతామని మనమే ఒప్పుకున్నట్టు. మీ వెనక గది సంగతి కార్యవర్గంలో పెట్టాను. మీరున్నన్నాళ్లు, మీ తరవాత మీ అప్పగారున్నన్నాళ్లు అని రాయించేస్తాను. ఈ సభ కానివ్వండి."

మాస్టారు గ్లోబు మీద చెయ్యి వేసుకుని కూర్చున్నారు. వంటపాక గుమ్మంలోకి అక్కగారు వచ్చి నిలబడింది.

"ఒక మాట మింగితే సచ్చిపోతావేటి? నాను ఎన్ని మింగినాను. గదుంటాది. ఊఁ అను."

మాస్టారు ఊఁ అన్నారు.

ఆ వారమంతా ఆయన వసారాలో పచార్లు చేస్తూ అభ్యాసం చేశారు. "ఒప్పు," అని పెదవులు బిగించడం. నాలుగడుగులు వేసి మళ్లీ "ఒప్పు," అని బిగించడం. చూస్తే ఎవరికైనా నవ్వు వచ్చేది. మేం నవ్వాం కూడా.

సభ రోజు వచ్చింది. వేలమంది జనం. గోపాలపురం దాకా బళ్లు బారులు తీరాయి. ముందు వరసలో టోపీలు ఒళ్లో పెట్టుకుని కమిటీ దొరలు కూర్చున్నారు. నేను వేదిక మీద నిలబడి...

లేదు. ఈ వయసులో ఇంకెందుకు. మందిరం ముందు చిన్న పందిరి, అదీ సగమే నిండింది. దొరలు రాలేదు. వాళ్ల తరఫున ఒక గుమాస్తా వచ్చాడు. అరవవాడు, తెలుగు ముక్క రాదు. వచ్చిన దగ్గర్నుంచీ పక్కవాణ్ణి ఇంగ్లీషులో బరంపురం అప్పడాలు మంచివి ఏ కొట్లో దొరుకుతాయని అడుగుతూనే ఉన్నాడు. వెనక వరసలో మాత్రం ఒరియా ప్లీడరుగారొకరు, తెల్లటి మీసాలాయన, పిలవకుండా వచ్చి కూర్చున్నారు. నేను వేదిక మీద లేను. పందిరి రాట పక్కన నిలబడ్డాను.

పోటీ బాగానే జరిగింది. మావాళ్లు నదులు చెప్పారు, ఖండాలు చెప్పారు, ధ్వని కన్నా వెలుతురు ముందెందుకు వస్తుందో చెప్పారు. ఎవరూ ఆ మాట అనలేదు, అనొద్దని ముందే అందరికీ చెప్పి ఉంచారు. ప్రతి జవాబుకీ మాస్టారు "ఒప్పు" అని పెదవులు బిగించారు. ఒక్కొక్క ఒప్పుకీ ఆయన మెడ దగ్గర నరం ఒకటి లేచి పడేది.

ఆఖరి ప్రశ్న అడిగారు. అందరం లేచి "మద్రాసు" అని అరిచాం. నేనూ గట్టిగానే అరిచాను. మాస్టారు "ఒప్పు" అన్నారు. ప్లీడరుగారి మొహం వెలిగింది. చప్పట్లు మొదలయ్యాయి. అయిపోయిందనే అనుకున్నాం. కొందరు చెప్పుల కోసం వెతుక్కుంటున్నారు కూడా.

చప్పట్లు సన్నగిల్లాయి. మాస్టారు ఇంకా నిలబడే ఉన్నారు. ఎవరినీ చూడడం లేదు. చంకలో గ్లోబుని కిందకి దించి, రెండు చేతులా పట్టుకుని, ఎక్కిళ్లు వచ్చినవాడిలా, "ఇయాల్టికి," అన్నారు.

పెద్దగా ఏమీ అనలేదు. అయినా అందరికీ వినిపించింది. వెనక వరసలో ఒరియా ప్లీడరుగారు ఒక్కరే తీరిగ్గా చప్పట్లు కొట్టి, "ఠిక్ కహిలే మాస్ట్రే," అన్నారు. సరిగ్గా చెప్పావయ్యా అని. అరవ గుమాస్తా ఏం జరిగిందో అర్థంకాక, మర్యాదకి తనూ రెండు చప్పట్లు కలిపాడు.

మాస్టారిని ముంచింది ఆయన మాట కాదు, ఆ చప్పట్లు.

మర్నాడు కార్యవర్గం కూర్చుంది. ఎంతకి అమ్ముడుపోయారని ఒకరు అడిగారు. కోశాధికారి మాట ఇంకా దారుణం, చేపలబుట్టని ఎంత తోమినా వాసన పోతుందా అన్నాడు. ఇన్నేళ్లూ ఆ మనిషి మాస్టారి పక్కన కూర్చుని పత్రిక పంచుకుని చదివినవాడే. మాస్టారు చెప్పింది ఒక్కటే. తాను జరగబోయేది చెప్పలేదు, జరుగుతున్నది చెప్పాను, రెండింటికీ తేడా ఉంది, అన్నారు. ఆ తేడా వినే ఓపిక అక్కడ ఎవరికీ లేదు. గదికి కొత్త తాళం పడింది. అక్కగారి గిన్నెలు వసారాలోకి వచ్చాయి. గ్లోబు మందిరానిదని ఉంచేసుకున్నారు. అది ఆయన పాత సామాన్ల కొట్లో సొంతంగా కొనుక్కున్నదని మా అందరికీ తెలుసు. 

అక్కాతమ్ములు సత్రంలో దిగారు. రెండు రోజులు తిరక్కుండానే ఒరియా పెద్దలు అక్కడికి వచ్చారు. నేను అప్పుడు అక్కాతమ్ములకి కాస్త బియ్యం పట్టుకెళ్లి అక్కడే ఉన్నాను. ఆ పెద్దలు గౌరవంగానే మాట్లాడారు. తెలుగు పండితుడే బరంపురం ఒరిస్సాలోకి వస్తుందని అభిప్రాయపడుతున్నాడని ఒక కాగితం మీద రాసిస్తే చాలట. వాళ్ల బడిలో ఉద్యోగం, ఉండడానికి ఇల్లు. ఇల్లు అన్నప్పుడు అక్కగారు పొయ్యి ఊదడం ఆపింది.

మాస్టారు వాళ్లకి ఒరియాలోనే, చాలా మర్యాదగా జవాబు చెప్పారు. బరంపురం మద్రాసులో ఉంది అన్నారు. తరవాత తెలుగులో, తనకి తాను చెప్పుకుంటున్నట్టు, "ఇయాల్టికి," అన్నారు.

వాళ్లు లేచి వెళ్లిపోయారు. అక్కగారు పొయ్యిలోకి చూస్తూనే అంది:

"ముందర సగం ఒకలకి అమ్ముకున్నా, ఎనక సగం ఇంకొకలకి అమ్ముకున్నా, మనకి రెండు పూట్లా గింజలుండీవి. మొత్తం మాట ఎవుడు కొంటాడురా తమ్ముడా?"



తరవాత వాళ్లు ఇచ్ఛాపురం దారిలో ఉన్న గిరిసోల అనే పల్లెకి వెళ్లిపోయారు. అక్కడ ఎవరిదో ధాన్యపుకొట్టు అరుగు మీద పిల్లలకి బడి పెట్టారు. ఆయన దగ్గర నేర్చుకున్నదాంతోనే నాకు గుమాస్తా ఉద్యోగం వచ్చింది. ఆ రోజుల్లో హాకీ వార్త ఒకటి వచ్చింది. అమెరికాలో ఒలింపిక్ పోటీల్లో మనవాళ్లు అమెరికా మీద ఇరవై నాలుగు గోల్సు కొట్టారు, వాళ్లు కొట్టింది ఒకటి. మాస్టారికి మరమరాలు పంచేంత వార్త. పత్రిక మడతపెట్టుకుని రైలెక్కాను.

అరుగు మీద ఎండిన తాటికాయ ఒకటి పెట్టుకుని దానిమీద సుద్దతో ఖండాలు గీస్తున్నారు. పత్రిక ఇస్తే తీసుకోలేదు. చెప్పమన్నారు. చెప్పాను.

"అచ్చుతప్పు. రెండో, నాలుగో అయ్యుంటాది. ఇరవై నాలుగు ఏటి, అదేటి గోలీలాటా?"

చూడండి, రెండు చోట్ల వేశారు అన్నాను. అప్పుడు తీసుకుని, కళ్లకి దగ్గరగా పెట్టుకుని, రెండు చోట్లా చదివారు. మొహంలో పాత వెలుగు కాస్త వచ్చింది. ఇప్పుడంటారు, ఇప్పుడంటారు అని చూశాను. ఆ మాట అనలేదు. నేనే ఉండబట్టలేక, "ఇది రికార్డు కదండీ, ఇయాల్టికి?" అన్నాను.

"నాకు ఇయాల లేదు బావూ," అన్నారు. "పేపరొచ్చినోడికే ఇయాల. ఈ ఊరికి పేపరు రాదు. మొన్నటిదాకా తెలిసింది సెప్పుకుంటన్నాను, అంతే." పత్రిక మడిచి నాకే ఇచ్చేశారు. ఉంచుకోమంటే, ఒక్కరోజుది తింటే ఆకలి ఎక్కువవుతుందన్నారు.

నేను వారం వారం పత్రిక పంపేవాణ్ణి. ఇలా రాస్తే ఎంత బాగుందో. పంపలేదు. పంపాలని ప్రతివారం అనుకున్న మాట మాత్రం నిజం.

ముప్ఫయ్యారు ఏప్రిల్ ఒకటిన ఒరిస్సా రాష్ట్రం వచ్చింది, బరంపురం అందులోకి పోయింది. ఆ తారీఖు ఇంగ్లీషువాళ్లకి వెర్రివాళ్ల పండగ. మాకూ అదే అని మావాళ్లు గొణుక్కున్నారు. ఇచ్ఛాపురం మద్రాసులో ఉండిపోయింది. సరిహద్దు గిరిసోల పక్కనుంచే వెళ్లింది. నేను ఎగురుకుంటూ వెళ్లి, మాస్టారూ, మీ మాట నిజమైంది అన్నాను. ఆయనకి అంత కోపం రావడం నేనెన్నడూ చూడలేదు.

"నా మాట ఏటి నిజమైనాది? ఒరిస్సా అవుతాదని నాను అన్నేదు. మద్రాసులో ఉందన్నాను, ఉంది. ఆ పూటకి ఉంది. నువ్వు నా దగ్గర సదువుకున్నోడివి, నువ్వు కూడా నన్ను జోస్యం సెప్పినోణ్ణి సేస్తావేటి?"

నేను తల వంచుకుని వచ్చేశాను. అదే ఆఖరు చూడడం.

మా ప్లీడరుగారు ఆ ఏడే కొత్త సర్కారు కొలువైన కటకం వెళ్లొచ్చారు, జరీ తలపాగాతో. అప్పట్నుంచి ఆయన ఉపన్యాసాలు "మన ఉత్కళం" అని మొదలయ్యేవి. పఠనమందిరంలో మళ్లీ లోకజ్ఞాన పోటీ పెట్టారు. ఆఖరి ప్రశ్న పాతదే. అందరూ లేచి "ఒరిస్సా" అన్నారు. ప్లీడరుగారు "ఒప్పు" అన్నారు. ఆయనకి నరం గిరం ఏమీ లేవలేదు.

మాస్టారు పోయారన్న కబురు నాకు ఆలస్యంగా తెలిసింది, కర్మ అయిపోయాక. ఆయనకి అన్ని వార్తలూ అలాగే కదా అందాయి. పఠనమందిరంలో సంతాపసభ అన్నారు. అక్కగారిని బండి పంపి రప్పించి ముందు వరసలో కూర్చోబెట్టారు. పక్కన నేను. బల్ల మీద పూలదండ వేసిన గ్లోబు. బ్రెజిల్ లేని గ్లోబు.

ప్లీడరుగారు అరగంట మాట్లాడారు. ఆ మహానుభావుడు కాలంకన్నా ముందు నడిచాడన్నారు. రాబోయేదాన్ని నిర్భయంగా చెప్పిన ద్రష్ట అన్నారు. వింటూ ఉంటే మాస్టారు మళ్లీ చచ్చిపోతున్నారనిపించింది. ఆఖర్న గొంతు తగ్గించి, ఆయన నివసించిన వెనక గదికి ఆయన పేరే పెడుతున్నామని, వారి అక్కగారు జీవించినంతకాలం అందులో ఉండవచ్చునని, ఇది ఎప్పటికీ మారని నిర్ణయమని ప్రకటించారు. అందరూ చప్పట్లు కొట్టారు.

చప్పట్లు ఆగాక అక్కగారు మెల్లగా లేచి నిలబడింది. సభ నిశ్శబ్దమైపోయింది. ప్లీడరుగారి కళ్లలోకి సూటిగా చూసి, మందిరం దద్దరిల్లేలా ఒక్కటే మాట అంది: "ఇయాల్టికి." వెనక వరసలన్నీ ఒక్కసారి లేచి నిలబడ్డాయి. ప్లీడరుగారు తలపాగా తీసేశారు.

అలా జరిగి ఉంటే నేనీ వ్యాసం ఇంకా గర్వంగా ముగించేవాణ్ణి. ఆవిడ లేవలేదు. కొంగు సర్దుకుంటూ, ఒళ్లోకి చూసుకుంటూ, నాకు మాత్రం వినపడేట్టు ఆ మాటే గొణిగింది. సభలో ఇంకెవరూ వినలేదు. అప్పటికే ఫలహారాలు పంచుతున్నారు.

ఆ వానాకాలం మొదలుకాకుండానే వెనక గదిలో విరిగిన కుర్చీలు పేర్చారు. ఎవరైనా అడిగితే ఆవిడే రాలేదని చెప్పేవారు. అది నిజమే. గిరిసోల నుంచి ఆవిడ అసలు గిన్నెలు తీసుకురాలేదు.